మీ సార్ వ్యాసం గురించి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మిరప తెగుళ్ల మీద పుస్తకాలు రాసిన మీ సార్ గురించి తెలుగు వికీపీడియాలో నువ్వు పెట్టిన వ్యాసానికి ఎవరో తొలగింపు మూస (దీన్ని తీసెయ్యాలని ప్రతిపాదిస్తూ వ్యాసం పైన పెట్టే నోటీసు) తగిలించారనీ, రెండు రోజులుగా నువ్వు సరిగ్గా అన్నం కూడా తినడం లేదనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వ్యాసం చదివాను. చర్చ పేజీ కూడా మొదటి నుంచీ చదివాను. ఇవన్నీ ఫోన్‌లో చెప్పుకుంటే తెగవు, అందుకే రాస్తున్నాను.

ముందు టెన్షన్ తగ్గించుకో. మూస పెట్టినాయన మీ సార్‌ని ఎక్కడా తక్కువ చేసి మాట్లాడలేదు. ఆయన అడిగింది ఒక్కటే: ఈయనతో ఏ సంబంధమూ లేనివాళ్లు ఈయన గురించి, ఈయన పుస్తకాల గురించి వివరంగా ఎక్కడైనా రాశారా? నువ్వేమో మిరప రైతుల కోసం ఆయన జీవితం ధారపోశారని, ఇలాంటివాళ్లకి పేజీ లేకపోతే ఇంకెవరికి ఉండాలని రాశావు. నువ్వు చెప్పింది నిజమే, నాకూ ఆయన మీద అంతే గౌరవం ఉంది. కాని అడిగినదానికి అది జవాబు కాదు. ఆ దారిలో ఇంకో పది పేరాలు రాసినా చర్చ ఉన్నచోటే ఉంటుంది.

ఒకరి గొప్పతనాన్ని వికీపీడియా సొంతంగా తేల్చదమ్మా. బయట నమ్మదగినవాళ్లు రాసినదాన్ని పోగుచేసి చెబుతుంది. 2018 మే నెలలో డోనా స్ట్రిక్‌లాండ్ అనే భౌతిక శాస్త్రవేత్త మీద ఇంగ్లీషు వికీపీడియాకి వచ్చిన చిత్తుప్రతిని, చూపించిన మూలాలు చాలవని తిప్పి పంపారు. అదే ఏడాది అక్టోబరులో ఆమెకి నోబెల్ బహుమతి వచ్చింది. మే నెలలో మాత్రం ఆమె చిన్న శాస్త్రవేత్తా? కాదు. ఆమె గురించి ఇతరులు రాసినవి ఆ చిత్తుప్రతిలో కనిపించలేదు, అంతే. కాబట్టి మీ సార్ ఎంతటివారన్నది పక్కన పెట్టి, ఆయన గురించి ఎవరు ఏం రాశారో వెతుకు.

నువ్వు ఇచ్చిన మూలాలన్నీ తెరిచి చూశాను. మొదటిది జిల్లా పేజీలో వచ్చిన పుస్తకావిష్కరణ వార్త. అందులో ముఖ్య అతిథి పేరుంది, సభాధ్యక్షుడి పేరుంది, జ్యోతి వెలిగించినవాళ్లు, వేదిక మీద కూర్చున్నవాళ్లు, వందన సమర్పణ చేసినాయన, అందరి పేర్లూ ఉన్నాయి. పుస్తకంలో ఏముందో ఒక్క వాక్యం లేదు. రెండోది వ్యవసాయ మాసపత్రికలో మీ సార్ స్వయంగా రాసిన శీర్షిక. అది ఆయన రాసినది, ఆయన గురించి రాసినది కాదు. మూడోది పుస్తకానికి పాత సహోద్యోగి రాసిన ముందుమాట. ముందుమాట అడిగి రాయించుకునేది కాబట్టి, కోర్టులో సొంత బావమరిది చెప్పిన సాక్ష్యంలా ఉంటుంది, ఎంత నిజమైనా బరువు తూగదు. ప్రచురణకర్త పేజీ కూడా అంతే. శాలువా కప్పిన ఫొటోలు, స్థానిక సంఘాలు ఇచ్చిన బిరుదులు ఈ చర్చలో దేనికీ పనికిరావు. వ్యాసం మొదటి వాక్యంలో పేరు ముందు తగిలించిన బిరుదుని ఈ రోజే తీసెయ్యి. దాన్ని చూడగానే నిర్వాహకులకి ప్రచారం వాసన వస్తుంది.

మరి ఏం పనికొస్తుంది? ఆయన పుస్తకాన్ని చదివి, అందులో కొత్తదేముందో, ఎక్కడ లోపముందో చెప్పిన సమీక్ష. మెచ్చుకోకపోయినా ఫర్వాలేదు, విమర్శ కూడా ఆధారమే. ఆయన చెప్పిన పద్ధతిని ఇంకో శాస్త్రవేత్త తన పొలంలో పరీక్షించి రాసిన పరిశోధన పత్రం. ఆయన పుస్తకాన్ని పాఠ్యగ్రంథంగా పెట్టిన సిలబస్. ఏ విలేకరి అయినా ఆయన పని గురించి రాసిన పెద్ద కథనం. రచయితల విషయంలో ఇంగ్లీషు వికీ మార్గదర్శకాలు కూడా ఇలాంటివే అడుగుతాయి: తోటి నిపుణులు ఆయన్ని విస్తృతంగా ఉటంకించారా, ఆయన కొత్త పద్ధతి ఏదైనా తెచ్చారా, ఆయన పుస్తకం మీద ఒకటికి మించి స్వతంత్ర సమీక్షలు వచ్చాయా అని.

2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మన మిరప తోటల్ని ఊడ్చేసినప్పుడు పత్రికలవాళ్లు ఈ పురుగు సంగతి తెలిసినవాళ్లని వెతుక్కుంటూ తిరిగారు. ఆ కాలపు సంచికలు తప్పకుండా చూడు. ఒక వార్త చివర 'ఫలానా వేపనూనె కొట్టమన్నారు' అని మీ సార్ పేరు తగిలితే దాన్ని పట్టించుకోకు. ఆయన పుస్తకాన్నో ఆయన పద్ధతినో నాలుగు పేరాల్లో వివరించి ఉంటే మాత్రం వదలకు.

వెతకడం అంటే గూగుల్ ఒక్కటే కాదు. మన గుంటూరు పక్కన లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి సిద్ధాంత గ్రంథాల వెనక ఉపయుక్త గ్రంథాల పట్టికల్లో మీ సార్ పేరు ఎన్నిచోట్ల వచ్చిందో చూడు. బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయానికి వెళ్లి పాత పత్రికల సంగతి అడుగు. అక్కడ దొరక్కపోతే ఒక పూట వేటపాలెం వెళ్లు, 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనంలో పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి. లింకు లేని కాగితపు మూలం చెల్లదని ఎవరైనా అంటే నమ్మకు. పత్రిక పేరు, సంచిక తేదీ, పేజీ నంబరు, రాసినవారి పేరు ఇస్తే చాలు. పేజీని ఫోన్‌తో ఫొటో తీసి నీ దగ్గర పెట్టుకో, ఎవరైనా అడిగితే చూపించవచ్చు.

తెలుగులో ఒక అన్యాయం ఉంది, దాన్ని చర్చలో చెప్పే హక్కు నీకుంది. కవితా సంపుటి వస్తే సమీక్ష రాసేవాళ్లు దొరుకుతారు, తెగుళ్ల మీద పుస్తకం వస్తే ఎవరూ రాయరు. అందుకే ఇలాంటి రచయిత మీద నిఖార్సైన సమీక్ష ఒక్కటి వచ్చినా దానికి కొంచెం ఎక్కువ విలువ ఇవ్వాలని మర్యాదగా అడుగు. అయితే ఆ ఒక్కటైనా చేతిలో ఉండాలి. ఏమీ లేకుండా అన్యాయం అన్యాయం అంటే ఎవరూ వినరు.

ఇంకో రెండు పనులు ఆలస్యం చెయ్యకు. నువ్వు ఆయన దగ్గర ఎమ్మెస్సీ చేశానని చర్చ పేజీలో నీ అంతట నువ్వే చెప్పు. వేరేవాళ్లు కనిపెట్టి బయటపెడితే నీ మాటకి విలువ పోతుంది. నీ క్లాస్‌మేట్లకి కూడా ఫోన్ చేసి ఆపమను. నిన్న పుట్టిన ఖాతాలతో వచ్చి వరసగా 'ఉంచాలి', 'ఉంచాలి' అని రాసి వెళ్లారు. అక్కడ లెక్కపెట్టేది ఓట్లని కాదు, కారణాల్ని. వాళ్ల వల్ల నీకే నష్టం జరిగింది.

జవాబు ఇలా రాయి: "నేను ఈ రచయిత విద్యార్థిని. ముందు ఇచ్చిన మూలాల్లో ఆవిష్కరణ వార్తనీ ముందుమాటనీ తొలగించాను. వాటి బదులు ఫలానా పత్రిక ఫలానా సంచికలో వచ్చిన సమీక్షనీ, ఆయన పద్ధతిని పరీక్షించిన ఫలానా పరిశోధన పత్రాన్నీ చేర్చాను. పరిశీలించగలరు." అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ వద్దు. మూస పెట్టినాయన మళ్లీ ప్రశ్నిస్తే ఆ ప్రశ్నకే జవాబివ్వు, 'సినిమావాళ్లకి పేజీలున్నాయి కదా' అనే వాదనకి మాత్రం దిగకు.

ఎంత వెతికినా ఏమీ దొరక్కపోతే, తొలగించడానికి అభ్యంతరం లేదని నువ్వే రాసెయ్యి. వ్యాసాన్ని నీ ప్రయోగశాలలోకి, అంటే నీ ఖాతాలో చిత్తుప్రతులు రాసుకునే పేజీలోకి తెచ్చుకుని ఉంచుకో, మంచి సమీక్ష వచ్చిన రోజున మళ్లీ వికీలో పెట్టవచ్చు. ఈలోగా మిరప వ్యాసాన్ని, తామర పురుగుల గురించిన సమాచారాన్ని పెంచు. ఆయన పుస్తకాలనే మూలాలుగా ఇవ్వు, నిపుణుడి పుస్తకం ఆ విషయానికి మంచి మూలం. మన పక్కన పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అనే తెలుగు ఎన్‌సైక్లోపీడియా మొదలుపెట్టి, 'అ' అక్షరం దగ్గర ఉండగానే 1923లో పోయారు. ఆయన వదిలివెళ్లిన పనిలో మిరప చెట్టుకి వచ్చే తెగులు గురించి సరైన నాలుగు పేరాలు తెలుగులో ఉండటం కూడా భాగమే. మీ సార్‌ని అడిగి చూడు, తన పేజీ కన్నా ఆ నాలుగు పేరాలే ముందు కావాలంటారని నా నమ్మకం.

శనివారం లాం వెళ్లగలిగితే వెళ్లు. దొరికిన పేజీల ఫొటోలు నాకు వాట్సాప్‌లో పంపు, ఏవి పెట్టాలో ఏవి వదిలెయ్యాలో ఆ రాత్రికే చూసి చెబుతాను. చర్చలో రాసిన ప్రతిసారీ చివర నాలుగు టిల్డెలు (~~~~) పెట్టి సంతకం చెయ్యి, నీ మొదటి రెండు జవాబుల కింద అవి లేవు. అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య