జల్లెడ దాటే గుళ్లు, గోడకు పట్టే మసి

ప్రశ్న: బాలానగర్‌లో మెటల్ త్రీడీ ప్రింటింగ్ యూనిట్‌లో ట్రైనీగా చేరాను. టైటానియం పార్టులు చేస్తాం. ప్రింట్ అయ్యాక ఛాంబర్ గోడలకు నల్లటి మసి, పౌడర్ మీద చిన్న గుళ్లు కనిపిస్తున్నాయి. పౌడర్ జల్లెడ పడితే చాలా? మసిని మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో తీయొచ్చా?

జవాబు: ముందు రెండోదానికి చెబుతాను. మామూలు క్లీనర్‌ను దాని దగ్గరికి కూడా తీసుకెళ్లకండి. మోటారులో చిన్న రవ్వ చాలు, అంటుకుంటుంది.

పౌడర్‌ను కరిగించే లేజర్ పడిన చోట లోహం కరగడంతో ఆగదు, కొంత ఆవిరవుతుంది. ఆ ఆవిరి ఛాంబర్‌లో నింపిన ఆర్గాన్ వాయువులో చల్లబడితే వచ్చేదే మసి. మీరు పోసే పౌడర్ పదుల మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) ఉంటే, ఇది అందులోనూ వెయ్యో వంతైన నానోమీటర్లలో ఉంటుంది. అంత సన్నని టైటానియానికి గాలి తగిలితే దానంతటదే రాజుకోవచ్చు. నేను పనిలో చేరిన కొత్తలో ఈ మసిని పట్టే ఫిల్టర్ మారుస్తుంటే పాతదాని మడతల్లో ఎర్రటి గీత పాకడం కళ్లారా చూశాను. మా సీనియర్ పొడి ఇసుక గుమ్మరించి ఆపాడు. నా చేతులు సాయంత్రం దాకా వణికాయి. అప్పుడు నీళ్లు పోసి ఉంటే హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా పెరిగేది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా ఈ మంటకు పనికిరాదు.

మంట లేనప్పుడు మసి తీయడానికి మాత్రం దుమ్మును నీళ్లలో ముంచి పట్టే, ఎర్తింగ్ ఉన్న ప్రత్యేక వాక్యూమ్ వాడాలి. ఆ తడి మసి డబ్బాను గాలి చొరకుండా బిగించొద్దు. లోపల హైడ్రోజన్ నెమ్మదిగా పుడుతూ ఉంటుంది, బయటికి పోయే దారి ఉండాలి.

గుళ్లను మేం స్పాటర్ అంటాం. వెల్డింగ్ రవ్వల్లా కరిగిన లోహం నుంచి చిమ్మేవి కొన్నే. ఆవిరి ఎగిసే జోరు చుట్టూ ఉన్న ఆర్గాన్‌ను లోపలికి లాగుతుంది, దాంతో పక్కనున్న పౌడర్ లేచిపోతుంది. ఎక్కువ గుళ్లు అలా పుట్టేవేనని అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్ వాళ్లు 2017లో చూపించారు. 63 మైక్రాన్ల జల్లెడ పెద్ద గుళ్లను ఆపుతుంది, చిన్నవి కిందికి దిగిపోతాయి. వాటికి ఆక్సిజన్ పట్టి ఉంటుంది. గ్రేడ్ 23 అనే రకం టైటానియంలో ఆక్సిజన్ 0.13 శాతం దాటకూడదు కాబట్టి, జల్లెడ పట్టిన పౌడర్ నుంచి శాంపిల్ తీసి టెస్టుకు పంపండి. ఏ పౌడర్ ఎన్నిసార్లు వాడారో రిజిస్టర్‌లో రాయండి.

రేపు షిఫ్టు మొదలవగానే లోహపు మంటలకు వాడే క్లాస్ డి సిలిండర్ ఎక్కడుందో చూసుకోండి. అది లేకపోతే సూపర్‌వైజర్‌కు చెప్పండి, అది వచ్చేదాకా ఫిల్టర్ మీద చెయ్యి వేయకండి.