ఫిలిప్స్‌ల కథ తిరగరాసేముందు

చి. తమ్ముడికి,

ఫ్రెడరిక్ ఫిలిప్స్ మీద నీ కథ చదివాను. మొదటి పేజీలోనే 52,000 ఎకరాల జమీందారును తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టావు. ఇక అతను ఎక్కడానికి మెట్టేదీ? 1626లో నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో పుట్టి, డచ్చి వెస్ట్ ఇండియా కంపెనీ కొలువులో వడ్రంగిగా న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో, అంటే ఇప్పటి న్యూయార్క్‌లో, పనిచేసినవాడు. ఉలి దగ్గర మొదలుపెట్టు.

కంపెనీ దగ్గర నువ్వూ తికమకపడ్డావు. మన మచిలీపట్నంలో, భీమిలిలో వర్తకం చేసిన డచ్చి కంపెనీ 1602 నాటిది, వేరు. ఇతనిది 1621లో పుట్టిన ఇంకోటి. రెంటినీ కలిపేసరికి అక్కడి హడ్సన్ నది ఒడ్డున మిరియాల బస్తాలు దిగాయి. అక్కడ దిగాల్సింది బీవర్ అనే నీటి జంతువు తోళ్లు. చిల్లరగా చెలామణి అయ్యేది సీవాంట్, అంటే గవ్వల పెంకులతో చేసిన పూసలు. ఖాతా రాసేది గిల్డర్లలో; గిల్డరుకు 20 స్టైవర్లు. ఇంగ్లీషువాళ్లు ఊరు పట్టుకున్న 1664కి ముందు సన్నివేశాల్లో అతన్ని డచ్చి పేరుతో ‘ఫ్లిప్సెన్’ అనే పిలిపించు.

అసలు లోపం అతని భార్య మార్గరెట్ హార్డెన్‌బ్రోక్. ఆమెను నువ్వు వంటింట్లోంచి కదలనివ్వలేదు. 1662లో ఫిలిప్స్‌ని చేసుకునేనాటికే ఆమె వితంతువు, తన పేరునే బేరాలు చేస్తున్న మనిషి. డచ్చి చట్టం పెళ్లయిన ఆడదానికీ ఆ వీలిచ్చింది. ఇంగ్లీషు చట్టం వచ్చి లాగేసుకుంది. 1674లో ఆస్తుల విలువ కట్టినప్పుడు 80,000 గిల్డర్లు అతని పేరున కనిపిస్తాయి. అందులో ఆమె కష్టం ఎంతో ఆ అంకె చెప్పదు, నువ్వు చెప్పాలి. 1679లో ఆమె ఓడ ‘చార్లెస్’ ఎక్కిన జాస్పర్ డాంకార్ట్స్ అనే యాత్రికుడు తన దినచర్యలో ఒక సంగతి రాశాడు: ఓడ తుడిచే కర్ర నీళ్లలో పడితే ఓడ ఆపించి, చిన్న పడవ దింపించి, నావికుల్ని పంపి తెప్పించిందట. ఈ ఒక్కటీ చాలు, ఆమె పిసినారి అని వేరే రాయనక్కర్లేదు. కాకపోతే ఆమె అంటే గిట్టనివాడి సాక్ష్యమిది, ఆ చేదుని కూడా ఉండనీ.

అదే పేరున్న ఓడ 1685లో ఆఫ్రికాలో సోయో తీరాన మనుషుల్ని బానిసలుగా ఎక్కించుకుంది. తుడుపుకర్రనీ దీన్నీ పక్కపక్కన పెట్టు, మధ్యలో వ్యాఖ్యానం వద్దు.

అధికారం భాగం క్లుప్తంగా కానివ్వు. న్యూయార్క్ గవర్నర్ సలహామండలిలో ఏళ్ల తరబడి సభ్యత్వం, 1693లో జమీందారీ పట్టా. మార్గరెట్ పోయాక 1692లో చేసుకున్న కేథరీనా, న్యూయార్క్ మేయరుగా చేసిన స్టెఫానస్ వాన్ కోర్ట్‌లాండ్ చెల్లెలు. పెళ్లి విందులో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూపిస్తే రాజకీయం అదే తెలుస్తుంది. మడగాస్కర్ సముద్రపు దొంగలతో లావాదేవీల గొడవలో 1698లో ఫిలిప్స్ మండలి పదవి పోయింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లండు రాజు పక్షం పట్టిన మునిమనవడి నుంచి 1779లో భూములూ పోయాయి.

ఫ్రెడరిక్ కొడుకు అడాల్ఫ్ పోయాక 1750లో రాసిన ఆస్తి జాబితాలో 23 మంది బానిసలున్నారు: సీజర్, డైమండ్, డైనా, సూ... నువ్వు ‘పనివాళ్లు’ అని సరిపెట్టినచోట ఈ పేర్లు పెట్టు.

ఇంకొకటి, ఇంగ్లీషువాళ్ల పాత పంచాంగం డచ్చివాళ్లకన్నా పది రోజులు వెనక, పైగా వాళ్లకి కొత్త సంవత్సరం మార్చి 25న. ఫిబ్రవరి ఉత్తరాల మీది సంవత్సరాలు సరిచూసుకుని పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య