అటెన్‌బరో ఇంటిపేరు ఎక్కడిది, నేడు ఎంతమందికి ఉంది?

అటెన్‌బరో అనే ఇంగ్లీషు ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఇప్పుడు ఎంతమందికి ఉంది, ఆ పేరున్నవాళ్ళంతా చుట్టాలేనా అని మీరు అడిగారు. ఈ మూడింటికీ సమాధానం ఒకేచోట దొరుకుతుందని నా నమ్మకం, ఎందుకంటే ఒక ఇంటిపేరు ఎంత అరుదైనదో, ఏ ప్రాంతంలో గుమిగూడి ఉందో చూసుకోకుండా కేవలం అక్షరాలను విడదీసి దాని పుట్టుకను తేల్చబోతే చాలాసార్లు దారి తప్పుతాం. నేను ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు మధ్య ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరం పక్కనున్న బీస్టన్‌లో ఉన్నాను. ఆ రోజుల్లో స్థానిక కుటుంబ చరిత్ర సంఘం వారు పాత చర్చి రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని చేస్తుంటే నేనూ స్వచ్ఛందంగా అందులో చేరాను. ఇంగ్లండులో మరోచోట కనిపించడమే అరుదైన ఈ పేరు ఆ చుట్టుపక్కల గ్రామాల రిజిస్టర్లలో మాటిమాటికీ ఎదురవుతుంటే ఆసక్తి కలిగి, వీలైనంత వరకు వెనక్కి వెళ్ళి చూశాను. ఈ సమాధానం ఆ అనుభవం మీద, ఆ విషయమై చదివిన పరిశోధనల మీద ఆధారపడినది.

బీస్టన్ నుంచి డెర్బీ వైపు వెళ్ళే రైలెక్కితే మొదట వచ్చే స్టేషను పేరే అటెన్‌బరో. ట్రెంట్ నది ఒడ్డున ఉన్న చిన్న గ్రామం అది. ఇంగ్లండు అంతర్యుద్ధంలో పార్లమెంటు పక్షాన పోరాడిన సేనాని, ఆ పక్షపు నాయకుడు క్రామ్‌వెల్‌కు అల్లుడు అయిన హెన్రీ ఐర్టన్ పుట్టిన ఊరు కూడా ఇదే. ఊరి పక్కన 1929 మొదలు దశాబ్దాల పాటు కంకర తవ్వగా ఏర్పడిన గోతులు నీటితో నిండి చెరువులయ్యాయి. వాటిని పక్షుల కోసం సంరక్షించే ప్రకృతి ఉద్యానంగా మార్చినప్పుడు 1966లో దాన్ని ప్రారంభించినవారు టీవీలో ప్రకృతి కార్యక్రమాలతో పేరుపొందిన డేవిడ్ అటెన్‌బరో. చూడవచ్చేవాళ్ళలో చాలామంది ఆయన గౌరవార్థం ఆ చోటికి ఆ పేరు పెట్టారనుకుంటారు. నిజానికి ఊరిపేరు ఆయన ఇంటిపేరు కన్నా శతాబ్దాల పాతది. పాత ఇంగ్లీషులో కోటకు, రక్షణ కల్పించిన నివాసానికి 'బుర్హ్' అనేవారు. అడ్డా లేక దానికి దగ్గరి పేరున్న ఒక మనిషికి చెందిన బుర్హ్ కాబట్టి ఊరికి ఆ పేరు వచ్చిందని స్థలనామాల పండితులు చెబుతారు.

ఇంటిపేరు విషయంలో మాత్రం రెండు వాదాలు ఉన్నాయి. మొదటిది, ఈ ఊరి నుంచి వచ్చినవాళ్ళకు ఊరిపేరే ఇంటిపేరయిందని. రెండవది, మధ్యయుగపు ఇంగ్లీషులో 'అటెన్' అంటే 'దగ్గర' అని అర్థం కాబట్టి, ఎక్కడైనా సరే ఒక కోట దగ్గరో పట్టణం దగ్గరో కాపురమున్నవాణ్ణి అలా పిలిచి ఉంటారని. రెండవ వాదాన్ని తేలికగా కొట్టిపారేయడానికి లేదు, ఎందుకంటే ఇదే పద్ధతిలో పుట్టిన ఇంగ్లీషు ఇంటిపేర్లు అనేకం ఉన్నాయి. చెట్టు దగ్గరివాడు, బావి దగ్గరివాడు, వంతెన దగ్గరివాడు అనే అర్థం వచ్చే పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. పేరులోని అక్షరాలు రెండు వాదాలకూ సరిపోతాయి. అయితే రెండవ వాదమే నిజమైతే దాని పర్యవసానం ఒకటి కనబడాలి: కోటలు, పట్టణాలు ఇంగ్లండు నలుమూలలా ఉన్నాయి కాబట్టి ఈ పేరు పది పన్నెండు కౌంటీలలో (మన జిల్లాల వంటివి) విడివిడిగా పుట్టి, నేడు దేశమంతా పరచుకుని, పెద్ద సంఖ్యలో ఉండాలి. అలా ఉందా లేదా అన్నది చూస్తే సరిపోతుంది.

దానికన్నా ముందు ఊరిపేర్లు ఇంటిపేర్లు కావడం ఎలా జరిగిందో కొంచెం చెప్పాలి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తర్వాత మొదట భూస్వాముల్లో, ఆపైన క్రమంగా సామాన్యుల్లో వంశపారంపర్యంగా వచ్చే ఇంటిపేర్లు స్థిరపడ్డాయి. సుమారు 1400 నాటికి ఇంగ్లండులో చాలామందికి అవి ఏర్పడ్డాయి. ఊరిలోనే ఉన్నవాణ్ణి ఊరిపేరుతో పిలవవలసిన అవసరం ఎవరికీ ఉండదు, అక్కడ అందరూ ఆ ఊరివాళ్ళే. ఊరు విడిచి పక్క ఊరికో దగ్గరి పట్టణానికో వెళ్ళినప్పుడే 'ఫలానా ఊరివాడు' అనే గుర్తు పనికివస్తుంది. అందుకే ఊరిపేరుతో ఏర్పడిన ఇంటిపేరు కోసం ఆ ఊరిలో వెతకడం కన్నా, దాని చుట్టూ పది పదిహేను మైళ్ళ వలయంలో వెతకడం మేలు. మన తెలుగువారి ఇంటిపేర్లలో కూడా ఎన్నో ఇలాగే వలస వెళ్ళిన కుటుంబాలకు విడిచివచ్చిన ఊరి గుర్తుగా మిగిలినవే కాబట్టి ఈ సంగతి మనకు సులభంగానే బోధపడుతుంది. చిన్న ఊరి నుంచి ఆ కాలంలో బయటికి వెళ్ళి పేరు నిలుపుకున్న కుటుంబాలు ఒకటో రెండో ఉంటాయి. 1348-49 నాటి ప్లేగు మహామారిలో ఇంగ్లండు జనాభాలో కనీసం మూడో వంతు పోయినప్పుడు, ఒకే ఇంటిని ఆధారం చేసుకుని ఉన్న ఇంటిపేర్లు అనేకం సమూలంగా అంతరించి ఉంటాయి. మిగిలినవి అదృష్టవశాత్తు మిగిలినవి.

ఇక ఆధారాల మాట. చర్చిలలో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు నమోదు చేయాలని 1538లో ఆజ్ఞ వెలువడింది, కాబట్టి అక్కడి నుంచి సామాన్యుల పేర్లు కూడా దొరుకుతాయి. ప్రభుత్వ జనన మరణ నమోదు 1837 జులైలో మొదలైంది. ఒక ఇంటిపేరు ఎక్కడెక్కడ ఎంత సాంద్రంగా ఉందో చూడడానికి అందరూ ఆశ్రయించేది 1881 జనాభా లెక్కలను, ఎందుకంటే ఆ లెక్కల పుస్తకాలు మొత్తం పేరుపేరునా ఎత్తిరాయబడి అందుబాటులో ఉన్నాయి. వాటి ఆధారంగా గీసిన పటంలో అటెన్‌బరో పేరు నాటింగ్‌హామ్‌షైర్‌లోనూ దాన్ని ఆనుకున్న డెర్బీషైర్‌లోనూ చిక్కగా, మిగతా దేశంలో పలుచగా కనబడుతుంది. లండనులో మరో గుంపు ఉంది. పంతొమ్మిదవ శతాబ్దపు లండనులో తాకట్టు వ్యాపారంలో పేరుమోసిన అటెన్‌బరోలు ఉండేవారు, వారి దుకాణాల వల్లనే ఆ పేరు నగరంలో అందరి నోటా నానింది. మహానగరానికి అన్ని కౌంటీల నుంచీ జనం చేరతారు కాబట్టి లండను సంఖ్యను పుట్టుకకు సాక్ష్యంగా తీసుకోకూడదు. డేవిడ్, ఆయన అన్న, సినీ దర్శకుడు రిచర్డ్, వీరిద్దరి తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో పుట్టింది స్టేపుల్‌ఫర్డ్‌లో. అది అటెన్‌బరో గ్రామానికి కొద్ది మైళ్ళ దూరం మాత్రమే. పేరు ఏర్పడిన ఐదారు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ శాఖ అదే వలయంలో ఉండిపోయిందన్న మాట.

నేడు ఎంతమంది అన్న ప్రశ్నకు సమాధానం చెప్పేటప్పుడు జాగ్రత్త అవసరం. గాంధీజీ జీవితం మీద 1982లో సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో పేరు తెలియని వారు మనలో తక్కువ. డేవిడ్ అటెన్‌బరో పేరు మీద మొక్కలు, జంతువులు, శిలాజాలు, చివరకు ధ్రువ ప్రాంతాలకు వెళ్ళే ఓడ కూడా ఉన్నాయి. ఇంత వినిపించే పేరు కాబట్టి ఇది సాధారణమైన ఇంటిపేరు అనే భ్రమ కలుగుతుంది. వాస్తవంలో బ్రిటనులో దీన్ని ధరించేవారిని సుమారు వెయ్యి స్థాయిలో లెక్కించాలి, స్మిత్ అనే ఇంటిపేరు ఐదు లక్షలకు పైబడి ఉన్న దేశంలో. ఇంటర్నెట్టులో కనిపించే సంఖ్యలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి కారణాలు ఉన్నాయి. 2002 నాటి ఇంగ్లండు, వేల్స్ జాబితా జాతీయ ఆరోగ్య సేవ రిజిస్టరు నుంచి తీసినది. అందులో చనిపోయిన వారి పేర్లు, రెండుసార్లు నమోదైన పేర్లు కూడా కలిసి ఉన్నాయి, ఐదుగురి కన్నా తక్కువమందికి ఉన్న పేర్లను తీసివేశారు. ఓటర్ల జాబితాల నుంచి చేసిన లెక్కల్లో పిల్లలు ఉండరు. 2016లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన బ్రిటను, ఐర్లండుల ఇంటిపేర్ల నిఘంటువు ఇప్పటి సంఖ్యను 1881 సంఖ్య పక్కన పెట్టి చూపుతుంది కాబట్టి, అంకెల కోసం నేను మొదట దాన్నే చూడమంటాను. 'ఇరవైమందే మిగిలిన ఇంగ్లీషు ఇంటిపేర్లు' అంటూ తిరిగే జాబితాలను మాత్రం నమ్మవద్దని మనవి. రిజిస్టర్లు ఎత్తిరాసే పనిలో నేను స్వయంగా గమనించిందేమిటంటే, గుమాస్తా రాత సరిగ్గా చదవలేకపోవడం వల్ల లోకంలో ఎన్నడూ లేని ఇంటిపేర్లు సులభంగా పుట్టుకొస్తాయి. అటెన్‌బరోకే అటెన్‌బారో వంటి రూపభేదాలు ఉన్నాయి. వాటిని కలపకుండా లెక్కిస్తే సంఖ్య తగ్గుతుంది, కొత్త అరుదైన పేరు ఒకటి దొరికినట్టూ భ్రమ కలుగుతుంది.

ఈ పేరు పుట్టుక గురించిన బలమైన సాక్ష్యం మాత్రం కాగితాల నుంచి రాలేదు. లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 బ్రిటిష్ ఇంటిపేర్లను ఎంచుకుని, ఆ పేర్లున్న 1,678 మంది మగవారి వై క్రోమోజోమ్‌లను పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే సంక్రమిస్తుంది, ఇంగ్లండులో ఇంటిపేరూ అలాగే సంక్రమిస్తుంది. స్మిత్‌లను పోల్చి చూస్తే వారి మధ్య పోలిక దారినపోయే ఏ ఇద్దరి మధ్యనైనా ఉండే పోలిక కన్నా ఎక్కువేమీ లేదు. ప్రతి ఊరిలోనూ కమ్మరి ఉండేవాడు కాబట్టి ఆ పేరు వేలచోట్ల విడివిడిగా పుట్టింది. అటెన్‌బరోలలో మాత్రం పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఒకే రకం వై క్రోమోజోమ్ కలిగి ఉన్నారు. కోట దగ్గరివాడు అనే అర్థంతో పలుచోట్ల పుట్టిన పేరయితే ఈ ఏకరూపత రావడం చాలా కష్టం. పటంలోని గుంపు, రక్తంలోని పోలిక ఒకే దిక్కును చూపుతున్నాయి కాబట్టి, ట్రెంట్ ఒడ్డున ఉన్న ఆ గ్రామం నుంచి వెళ్ళిన ఒక కుటుంబమే ఈ పేరుకు మూలమని నేను నమ్ముతున్నాను. (ఫ్రెడరిక్ అటెన్‌బరో 1932 నుంచి 1951 వరకు లెస్టర్‌లో ప్రిన్సిపాల్‌గా ఉన్న కళాశాలే తర్వాత ఈ పరిశోధన జరిగిన విశ్వవిద్యాలయమైంది.)

న్యాయంగా ఇక్కడ ఒక అభ్యంతరాన్ని కూడా చెప్పాలి. మొదట నాలుగైదు కుటుంబాలు ఉండి, మిగతావన్నీ మగ సంతానం లేక ఆగిపోయి, ఒకటే మిగిలినా ఇదే ఫలితం వస్తుంది. ఇంగ్లీషు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో ఈ సమస్యనే గణిత రూపంలో ప్రకటించగా గణితజ్ఞుడు హెన్రీ వాట్సన్ దానికి సాధన చూపాడు: ఎవరి తప్పూ లేకుండానే, కేవలం కొన్ని తరాల్లో కొడుకులు లేకపోవడం చేత, చాలా ఇంటిపేర్లు కాలక్రమంలో అంతరిస్తాయి. పేరు ఎంత చిన్నదైతే ఈ యాదృచ్ఛికత ప్రభావం అంత ఎక్కువ. కాబట్టి 'నేటి అటెన్‌బరోలలో అత్యధికులు ఒకే పురుషుడి సంతతి' అనేది రుజువైన మాట. 'ఆ పేరు మొదట్లో ఒక్కరికే ఉండేది' అనేది సబబైన ఊహ. మిగిలిన పదోవంతు మందిలో వేరే వై క్రోమోజోమ్ ఉండడానికి దత్తత, తల్లి ఇంటిపేరు పిల్లలకు రావడం, వివాహేతర సంతానం వంటి కారణాలు ఉంటాయి. తరానికి నూటికి ఒక్కరి విషయంలో ఇలా జరిగినా, ఇరవై తరాలు గడిచేసరికి అసలు రకం నూటికి 82 మందిలోనే మిగలాలి. అటెన్‌బరోలలో అంతకన్నా ఎక్కువ మిగిలిందంటే ఆ కుటుంబంలో ఇలాంటివి తక్కువ జరిగాయనో, జరిగిన శాఖలు పెరగలేదనో అనుకోవాలి.

అందరూ చుట్టాలేనా అన్నదానికి, ఈ పేరున్న మగవారిలో చాలామందికి అవును అని చెప్పవచ్చు. అయితే ఆ చుట్టరికం ఆరేడు వందల ఏళ్ళ వెనక కలిసే చుట్టరికం. నాతో పనిచేసిన ఈ ఇంటిపేరు గల ఒకాయనను కొత్తగా పరిచయమైన ప్రతివారూ ఆ ప్రసిద్ధ సోదరులకు బంధువా అని అడిగేవారు. ఆయన కుటుంబాన్ని పంతొమ్మిదవ శతాబ్దం మొదటి వరకు కాగితాల మీద వెనక్కి తీసుకువెళ్ళగలిగాం, అక్కడ దాకా ఆయన శాఖా ఆ సోదరుల శాఖా కలవలేదు, రెండూ ఆ పరిసర గ్రామాల్లోనే ఉన్నాయి. మన దగ్గర ఒకే ఊరిపేరు వేర్వేరు కులాల్లో, వేర్వేరు గోత్రాల్లో ఇంటిపేరుగా ఉండడం మామూలు కాబట్టి, ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన వంశం ఒకటి కాదని మనం పుట్టినప్పటి నుంచీ ఎరుగుదుము. ఇంగ్లీషువారి అరుదైన ఇంటిపేర్ల దగ్గర ఆ అలవాటును కొంత సడలించుకోవాలి.

మీరు స్వయంగా వెతకదలచుకుంటే, పేరు అరుదైనది కావడమే మీకు అనుకూలం. 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచి ఇంగ్లండు జనన సూచికల్లో (ప్రభుత్వ నమోదుల పేర్ల పట్టికల్లో) తల్లి పుట్టింటిపేరు కూడా ఉంటుంది, 1912 నుంచి వివాహ సూచికల్లో భార్యాభర్తల ఇంటిపేర్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. స్మిత్‌ల విషయంలో ఈ సమాచారం వల్ల పెద్దగా లాభం ఉండదు. వెయ్యిమందికి ఉన్న పేరయితే పుట్టిన ప్రతి బిడ్డనూ ఏ దంపతులకు చెందినదో విడదీసి మొత్తం కుటుంబాలను నిలబెట్టవచ్చు. జనాభా లెక్కల్లో 1921వి 2022లో బయటికి వచ్చాయి. 1931 లెక్కల పత్రాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు, 1951 లెక్కలు వందేళ్ళ నియమం ప్రకారం 2052లో గానీ తెరవరు. ఆ మధ్య కాలానికి 1939లో యుద్ధారంభంలో తయారుచేసిన జాతీయ రిజిస్టరు ఒక్కటే ఇంటింటి వివరాలు ఇస్తుంది. దాన్ని నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్ సరిహద్దు గ్రామాలతో మొదలుపెట్టి, సూచికలతో సరిచూసుకుంటూ వెనక్కి వెళ్ళండి.