దిమ్మె ఎక్కించిన తేదీ చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా యూనివర్సిటీల్లోని కాన్ఫెడరేట్ (1861–65 అంతర్యుద్ధంలో అమెరికా నుంచి విడిపోయి పోరాడిన దక్షిణాది పక్షం) విగ్రహాల గురించే. పిల్లలు అక్కడ చదువుకుంటున్న ఇళ్లు హైదరాబాద్‌లో వీధికి నాలుగున్నాయి కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. చరిత్ర, చట్టం, విగ్రహ నిర్మాణం తెలిసిన మా నిపుణులు కలిసి ఈ జవాబులు రాశారు.

ప్రశ్న: మా అబ్బాయి నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. అక్కడి క్యాంపస్‌లో ఒక సైనికుడి విగ్రహాన్ని పడగొట్టారట, దాని మీద ఏళ్ల తరబడి గొడవ జరిగిందట. యుద్ధంలో పోయిన కుర్రాళ్ల కోసం పెట్టిన విగ్రహం మీద అంత కోపం ఎందుకండీ? – ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ఆ విగ్రహాన్ని అందరూ ‘సైలెంట్ సామ్’ అంటారు. చేతిలో తుపాకీ ఉంది కానీ నడుముకు తూటాల పెట్టె లేదు. కాల్చలేడు కాబట్టి ఆ పేరు వచ్చింది. 1861–65 అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన చేరిన విద్యార్థుల కోసం, ఆ యుద్ధంలో చనిపోయిన 321 మంది పూర్వ విద్యార్థుల కోసం దాన్ని పెట్టారు. ఆ కుటుంబాల దుఃఖం నిజమైనదే, దాన్ని ఎవరూ కాదనడం లేదు.

అయితే విగ్రహం పెట్టింది 1913 జూన్ 2న. అప్పటికి యుద్ధం ముగిసి 48 ఏళ్లు. ఆ మధ్యకాలంలో ఆ రాష్ట్రంలో ఏం జరిగిందో చూస్తే గాని కోపం అర్థం కాదు. 1898లో విల్మింగ్టన్ పట్టణంలో తెల్లజాతి ఆధిపత్యవాదుల సాయుధ మూక నల్లజాతివాళ్లను చంపి, ఎన్నికైన స్థానిక ప్రభుత్వాన్ని కూల్చేసింది. 1900లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి, అక్షరాస్యత పరీక్ష పేరుతో నల్లవాళ్ల ఓటు తీసేశారు. ఆ తర్వాత, ‘యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ’ అనే మహిళా సంఘం పూనికతో ఈ విగ్రహం లేచింది. దక్షిణాది అంతటా కోర్టుల ముందు, కూడళ్లలో ఇలాంటివి వరసగా లేచిన కాలం అదే.

ఆవిష్కరణ సభలో పారిశ్రామికవేత్త జూలియన్ కార్ ప్రసంగించాడు. దక్షిణాదిలో తమ జాతిని కాపాడింది ఈ సైనికులేనని పొగిడాడు. సభ జరుగుతున్న చోటికి వంద గజాల దూరంలో, యుద్ధం అయిన కొత్తలో, ఒక నల్లజాతి స్త్రీని బట్టలు పీలికలయ్యేదాకా గుర్రపు కొరడాతో కొట్టానని గొప్పగా చెప్పుకున్నాడు. ఆ ప్రసంగం రాతప్రతి అదే యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది. నల్లజాతి విద్యార్థులకు అక్కడ లా కోర్సులో 1951లో, డిగ్రీలో 1955లో ప్రవేశం దొరికింది. అంటే వాళ్లు క్యాంపస్‌లో అడుగుపెట్టకముందే దాదాపు నలభై ఏళ్ల పాటు ఆ విగ్రహం ప్రవేశద్వారం వైపు నిలబడి ఉంది.

యుద్ధం బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసం అనే వాదన మీ అబ్బాయికి తప్పక వినిపిస్తుంది. విడిపోతున్నప్పుడు మిసిసిపీ రాష్ట్రం తానే రాసుకున్న ప్రకటన చదవమనండి. తమ నిలకడంతా బానిసత్వ వ్యవస్థతో ముడిపడి ఉందని అందులో మొదట్లోనే ఉంది. కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో చేసిన ప్రసంగంలో, కొత్త ప్రభుత్వానికి మూలరాయి జాతుల అసమానతే అన్నాడు. ఈ రెండూ చాలు.

ప్రశ్న: యూనివర్సిటీయే వద్దనుకుంటే రాత్రికి రాత్రి తీసేయవచ్చు కదా? పడగొట్టేదాకా ఎందుకు రానిచ్చారు? – పరిశోధక విద్యార్థి, తార్నాక

జవాబు: చట్టం అడ్డం పడింది. 2015లో నార్త్ కరోలినా శాసనసభ ఒక చట్టం చేసింది. ప్రభుత్వ స్థలంలోని స్మారకాన్ని శాశ్వతంగా తొలగించకూడదు. కదపాల్సివస్తే అంతే ప్రముఖమైన చోటికే మార్చాలి. మొదటినుంచీ మ్యూజియంలో లేని దాన్ని మ్యూజియంలో పెట్టకూడదు. కట్టడం శిథిలమై ప్రజలకు ప్రమాదమని భవనాల ఇన్‌స్పెక్టర్ తేలిస్తే మినహాయింపు ఉంది. 2017లో గవర్నర్ రాయ్ కూపర్ ఆ మినహాయింపు వాడుకోవచ్చన్నారు. అది శిథిలమైన కట్టడానికే గాని, జనం కోపం వల్ల వచ్చే ప్రమాదానికి వర్తించదని యూనివర్సిటీ వైపు న్యాయవాదులు అన్నారు. ఎవరికి వారు చేతులు ముడుచుకున్నారు. ఒక్క ఏడాదిలో విగ్రహం కాపలాకే సుమారు 3 లక్షల 90 వేల డాలర్లు ఖర్చయ్యాయి.

2018 ఆగస్టు 20 రాత్రి, తరగతులు మొదలయ్యే ముందురోజు, ఆందోళనకారులు చుట్టూ ఎత్తయిన బ్యానర్లు నిలబెట్టి, వాటి చాటున తాళ్లు కట్టి లాగేశారు. డిసెంబరులో యూనివర్సిటీ 53 లక్షల డాలర్లతో క్యాంపస్‌లోనే ప్రత్యేక భవనం కట్టి అందులో పెడతామంది. రెండు పక్షాలూ మండిపడ్డాయి, రాష్ట్ర యూనివర్సిటీలన్నిటి పైబోర్డు ఒప్పుకోలేదు. 2019 జనవరిలో ఛాన్సలర్ కెరోల్ ఫోల్ట్ తన రాజీనామా ప్రకటిస్తూనే మిగిలిన దిమ్మెనూ తీయించేశారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ‘సన్స్ ఆఫ్ కాన్ఫెడరేట్ వెటరన్స్’ అనే సంఘం, విగ్రహం మీద హక్కు తమదేనని కోర్టుకెక్కింది. విగ్రహాన్ని కదిపితే దాతలకే తిరిగి చెందుతుందన్న షరతు మీద ఇచ్చారని, మహిళా సంఘం ఆ హక్కును తమకు బదిలీ చేసిందని వాదించింది. 2019 నవంబరులో బోర్డు రాజీపడి, విగ్రహంతో పాటు 25 లక్షల డాలర్ల ట్రస్టు కూడా ఇస్తానంది. ఆ సంఘానికి దావా వేసే అర్హతే లేదని 2020 ఫిబ్రవరిలో జడ్జి ఆ రాజీని కొట్టేశారు. వందేళ్ల కిందటి దానపత్రంలో షరతు ఉందో లేదో తేల్చుకోకుండా సంతకాలు చేస్తే జరిగేది ఇదే.

మిసిసిపీ యూనివర్సిటీతో పోల్చండి. అక్కడి విగ్రహం 1906 నాటిది. ఆ రాష్ట్ర చట్టం స్మారకాన్ని మరింత తగిన చోటికి మార్చడానికి వీలిస్తుంది. 2019లో విద్యార్థి సెనేట్ ఏకగ్రీవంగా తీర్మానించింది. బోర్డు అనుమతితో 2020 జులైలో క్యాంపస్‌లోనే ఉన్న కాన్ఫెడరేట్ శ్మశానానికి విగ్రహం మారింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ ఆ శ్మశానానికి దీపాల దారి, కొత్త సమాధి రాళ్లు వేస్తామనడంతో, అవమానం పోయి ఆరాధన వచ్చిందని విద్యార్థులు, అధ్యాపకులు అభ్యంతరం చెప్పారు. వాళ్ల మాట సబబే. ఎక్కడ పెడతారన్నదాన్ని బట్టి తొలగింపు అర్థమే మారిపోతుంది.

ప్రశ్న: ఎఫ్‌-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు ఇలాంటి ఆందోళనలకు వెళ్లొచ్చా? – ఒక తండ్రి, మియాపూర్

జవాబు: శాంతియుతంగా నిలబడటం, మాట్లాడటం వేరు, పోలీసులు వెళ్లిపొమ్మన్నాక ఆగటం వేరు. అరెస్టయితే శిక్ష పడకపోయినా వీసా రద్దయ్యే అవకాశం ఉంది. తర్వాత నింపే ప్రతి వీసా దరఖాస్తులోనూ ఆ అరెస్టు గురించి చెప్పాలి. చిన్న కేసే కదా అని నేరం ఒప్పుకోవద్దు, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. వస్తువు మీద చెయ్యి వేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ప్రశ్న: తాడుతో లాగితే పడిపోయేంత తేలికా ఆ విగ్రహాలు? పద్ధతిగా దించాలంటే ఎలా? – రిటైర్డ్ ఇంజినీరు, మల్కాజిగిరి

జవాబు: కంచు విగ్రహం లోపల బోలు. గోడ మందం మామూలుగా 5–6 మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల కంచు చదరపు మీటరుకు సుమారు 53 కిలోలు తూగుతుంది. మనిషంత విగ్రహానికి, బట్టల ముడతలతో కలిపి, రెండున్నర నుంచి మూడు చదరపు మీటర్ల ఉపరితలం వేసుకోండి. 130–160 కిలోలు, పాదాల కింది పళ్లెం అదనం. ఒకటిన్నర రెట్లు పెద్దదైతే ఉపరితలం రెండుంపావు రెట్లు, బరువూ దాదాపు అంతే పెరుగుతుంది. నిజమైన బరువు దిమ్మెది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తున్న గ్రానైట్ దిమ్మె 5 టన్నులు దాటుతుంది. విగ్రహం దిమ్మెకు నాలుగైదు బోల్టులతోనే పట్టి ఉంటుంది. తల దగ్గర తాడు కట్టి లాగితే ఆ ఎత్తంతా మీటగా పనిచేసి బోల్టుల దగ్గరే ఊడుతుంది. పలచటి రేకుతో చేసినవి పడగానే నలిగిపోతాయి. 2017 ఆగస్టులో నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో కోర్టు ముందరి కాన్ఫెడరేట్ విగ్రహానికి అదే గతి పట్టింది.

దించే ముందు నాలుగు వైపులా ఫొటోలు, కొలతలు తీసుకోవాలి. చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి లోపలి ఇనుప చట్రం ఏ స్థితిలో ఉందో చూడాలి. ఇదే అందరూ వదిలేసే పని. కంచుకు ఇనుము తగిలి ఉండి నీరు చేరితే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి కంచును పగులగొడుతుంది, కింద రాయినీ చీలుస్తుంది. నీరు పోయే రంధ్రాలు పూడుకుపోయిన విగ్రహాలన్నిటిదీ ఈ కథే. చట్రం పుచ్చిపోయిన విగ్రహాన్ని క్రేన్‌కు కట్టి ఎత్తితే మడమల దగ్గర తెగుతుంది.

ఎత్తడానికి చైన్లు కాదు, వెడల్పాటి నైలాన్ బెల్టులు వాడాలి. చేతికి, తుపాకీకి, మెడకు ఎన్నడూ కట్టకూడదు, మొండెం కిందినుంచి తిప్పాలి. రెండు బెల్టులు నేలకు 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కోదాని మీద బరువులో 58 శాతం పడుతుంది. 30 డిగ్రీలకు వాలితే ఒక్కోదాని మీదా మొత్తం బరువు పడుతుంది. తక్కువ ఎత్తున్న క్రేన్ తెచ్చి బెల్టులు తెంచుకునేది ఇక్కడే. దిమ్మెకూ విగ్రహానికీ మధ్య సందులో రంపంతో బోల్టులు కోసి, రెండు మూడు సెంటీమీటర్లు లేపి కాసేపు ఆపాలి. ఒక పక్కకు ఒరిగితే దించి బెల్టు సర్దాలి. ఆ తర్వాతే పూర్తిగా ఎత్తి, ఫోమ్ పరిచిన చెక్క ఊయలలో పడుకోబెట్టాలి.

రవాణా దారి ముందే కొలవాలి. వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో 12 టన్నుల కాన్ఫెడరేట్ సేనాని రాబర్ట్ లీ విగ్రహాన్ని 2021 సెప్టెంబరులో దించినప్పుడు వంతెనల కింద పట్టదని నడుము దగ్గర రెండుగా కోశారు. మూడు నెలల తర్వాత దిమ్మె విప్పుతుంటే శంకుస్థాపన నాటి పెట్టెలు దొరికాయి. కాబట్టి దిమ్మెను బ్రేకర్‌తో పొడిచేయకండి, వరసల వారీగా విప్పండి.

ప్రశ్న: 2011లో ట్యాంక్‌బండ్ మీద జరిగిందీ ఇదీ ఒకటేనా? – ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: పడగొట్టిన తీరు ఒకటే, ఫిర్యాదు వేరు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో పగిలినవి కవులు, సంస్కర్తలు, పాలకుల విగ్రహాలు. ఎన్టీఆర్ హయాంలో పెట్టిన ఆ 33 విగ్రహాల్లో తెలంగాణవాళ్లకు తగిన చోటు దక్కలేదన్నది అసలు బాధ. వదిలేశారన్న బాధకు మందు, వదిలేసినవాళ్లకు చోటివ్వడం. అవమానించడానికే పెట్టారన్న ఫిర్యాదుకు మందు, అక్కడినుంచి తీయడం. ఈ రెంటినీ కలిపేస్తే ఏ కమిటీకీ దారి దొరకదు. అప్పట్లో పగిలినవాటిని మళ్లీ పెట్టడం సరైనదే. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ యూనివర్సిటీ 2015 ఏప్రిల్‌లో బ్రిటిష్ వలస నాయకుడు సెసిల్ రోడ్స్ విగ్రహాన్ని తీసేయడమూ సరైనదే. ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేస్తే 1984 నాటి చట్టం కింద మన దగ్గర అయిదేళ్ల వరకు జైలు పడవచ్చన్నది మాత్రం ఏ ఫిర్యాదుకైనా ఒకటే.

ప్రశ్న: మా కాలేజీకి ఒక దాత విగ్రహం ఇస్తామంటున్నారు. కమిటీ ఏం చూసుకోవాలి? – కమిటీ సభ్యుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందు స్థలం. 2013 జనవరి 18 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రకారం రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజా వినియోగ స్థలాల్లో కొత్త విగ్రహాలకు రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదు. గేటు బయట పెడదామనే ఆలోచన ఉంటే వదిలేయండి.

తర్వాత విద్యార్థుల్ని, అధ్యాపకుల్ని అడగండి. 2016 జూన్‌లో ఘనా యూనివర్సిటీలో అప్పటి మన రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గాంధీ విగ్రహం ఆవిష్కరించారు. దక్షిణాఫ్రికాలో తొలినాళ్లలో ఆఫ్రికన్ల గురించి గాంధీ రాసిన మాటల్ని అక్కడి అధ్యాపకులు ఎత్తిచూపారు. 2018 డిసెంబరులో విగ్రహం తీసేశారు. ముందే క్యాంపస్‌లో చర్చ పెట్టి ఉంటే రెండు దేశాలకూ ఆ ఇబ్బంది వచ్చేది కాదు.

దానపత్రంలో విగ్రహం మీద పూర్తి హక్కు కాలేజీదే అని రాయించండి. స్థలం మార్చే, తొలగించే నిర్ణయం కాలేజీదేనని స్పష్టంగా ఉండాలి. ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ ప్రకారం, దాత ఇష్టంతో సంబంధం లేని ఒక సంఘటన జరిగితే దానం రద్దయ్యేలా ముందే ఒప్పుకోవచ్చు. విగ్రహం కదిపితే వెనక్కి వస్తుందన్న వాక్యం ఆ దారినే దూరుతుంది, దాన్ని ఒప్పుకోకండి. పోతలోని లోహం, గోడ మందం, లోపలి చట్రం ఇనుమా స్టెయిన్‌లెస్ స్టీలా, బోల్టులు ఎక్కడున్నాయి అన్న డ్రాయింగు శిల్పి దగ్గర తీసుకోండి. ఆవిష్కరణ రోజు ఎవరేం మాట్లాడారో పూర్తి పాఠం రాయించండి. దానపత్రం, డ్రాయింగు, తీర్మానం, ప్రసంగాల పాఠం ఒకే ఫైలులో పెట్టి ఒక ప్రతి ప్రిన్సిపాల్ ఆఫీసులో, ఇంకొకటి లైబ్రరీలో ఉంచండి.