రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీకి పంపితే సగం ఖర్చు మిగులుతుందా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ప్లానోలో పదకొండేళ్ళుగా ఉంటున్నాం. గ్రీన్ కార్డు వచ్చింది. మా ఇద్దరి ఆదాయం కలిపి ఏడాదికి 1,52,000 డాలర్లు. అమ్మాయి ఈ ఆగస్టులో పదకొండో తరగతిలోకి వెళ్తుంది. తరగతిలో మొదటి ఎనిమిది శాతంలో ఉంది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదవాలని కోరిక. తన పేరు మీద 529 ఖాతాలో (పిల్లల చదువు కోసం పన్ను మినహాయింపుతో దాచుకునే ఖాతా) 58,000 డాలర్లు ఉన్నాయి. ఏడో తరగతి చదివే బాబు కూడా ఉన్నాడు. జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులన్నీ (ఏ డిగ్రీకైనా అందరూ చదవాల్సినవి) రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీలో, అంటే తక్కువ ఫీజుండే స్థానిక ప్రభుత్వ కాలేజీలో చదివి, ఆ క్రెడిట్లు (కోర్సు పాసైతే డిగ్రీ లెక్కలో చేరే పాయింట్లు) యూనివర్సిటీకి బదిలీ చేయించుకుంటే సగం ఖర్చు మిగులుతుందని తెలిసినవాళ్ళు చెబుతున్నారు. మావారు మాత్రం నేరుగా యూనివర్సిటీకే పంపాలని, ఇది పరువుకు సంబంధించిన విషయమని అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక తల్లి, ప్లానో)

జవాబు: సగం ఖర్చు మిగలదమ్మా. మీ అమ్మాయి విషయంలో పద్ధతిగా చేస్తే ఒక ఏడాది ఖర్చు మిగలవచ్చు. ఆస్టిన్‌లో ఫీజు, వసతి, భోజనం, పుస్తకాలు కలిపితే ఏడాదికి ముప్పై వేల డాలర్లకు పైగానే అవుతుంది కాబట్టి అది చిన్న మొత్తం కాదు. దానికోసం రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీకి పంపనక్కర్లేదు. హైస్కూల్లో ఇంకా రెండేళ్ళు మిగిలి ఉన్నాయి, వాటిని వాడుకోండి.

మన దగ్గర బీటెక్ చదివి వచ్చిన తల్లిదండ్రులకు ఈ జనరల్ ఎడ్యుకేషన్ సంగతి మొదట్లో అంతుపట్టదు. కంప్యూటర్ సైన్స్ పిల్లలకు అమెరికా చరిత్ర ఎందుకని అడుగుతారు. టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీ నుంచి బ్యాచిలర్ డిగ్రీ కావాలంటే 42 క్రెడిట్ల కోర్ కరికులం తప్పదు. జనరల్ ఎడ్యుకేషన్‌కు ఇక్కడి పేరు అదే. అందులో ఆరు క్రెడిట్లు అమెరికా చరిత్రకు, ఆరు ప్రభుత్వ పాలనకు, ఆరు ఇంగ్లిష్ రచన వంటివాటికి, ఆరు సైన్సుకు, మూడు గణితానికి పోతాయి. కళలు, సాహిత్యం, సామాజిక శాస్త్రాల వంటివి మిగతా భాగం. డిగ్రీ మొత్తం సాధారణంగా 120 క్రెడిట్లు. అంటే మూడో వంతుకు మించి కోర్‌కే పోతుంది.

మీ జిల్లాలోని కాలిన్ కాలేజీలో స్థానికులకు క్రెడిట్‌కు వంద డాలర్ల లోపే. అక్కడ 42 క్రెడిట్లూ చేసినా 4,200 దాటదు. ఆస్టిన్‌లో అదే చదువు దాదాపు మూడు సెమిస్టర్ల పని. సెమిస్టర్‌కు సుమారు 6,000 చొప్పున 18,000 అవుతుంది. మీకు సలహా ఇచ్చినవాళ్ళు ఈ తేడా చూసే చెప్పి ఉంటారు. అంకెలు సరైనవే. కానీ ఆ తేడా మీ చేతికి రావాలంటే మీ అమ్మాయి యూనివర్సిటీలో ఉండే సెమిస్టర్ల సంఖ్య తగ్గాలి. చాలా ఇళ్ళలో లెక్క తప్పేది ఇక్కడే.

ఆస్టిన్‌లో ఫీజు క్రెడిట్ల లెక్కన ఉండదు. సెమిస్టర్‌లో 12 క్రెడిట్లు తీసుకున్నా 15 తీసుకున్నా ఒకటే బిల్లు. చరిత్ర, పాలన ముందే పూర్తిచేసిన అమ్మాయి ఎనిమిది సెమిస్టర్లూ అక్కడే ఉంటే చదువు తేలికవుతుంది గానీ బిల్లులో ఒక్క డాలరు కూడా తగ్గదు. పోనీ 12 కన్నా తక్కువ తీసుకుందామంటే, పూర్తికాల విద్యార్థులకే ఇచ్చే స్కాలర్‌షిప్పులు చేజారతాయి.

సెమిస్టర్లు ఎన్ని తగ్గుతాయన్నది కోర్ కన్నా మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) మీద ఎక్కువ ఆధారపడుతుంది. కంప్యూటర్ సైన్స్‌లో మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు అయ్యాక డేటా స్ట్రక్చర్స్, తర్వాత కంప్యూటర్ ఆర్కిటెక్చర్, ఆ తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్స్ వస్తాయి. ముందుది పాసైతే గానీ తర్వాతి దాంట్లో కూర్చోనివ్వరు. 42 క్రెడిట్లు చేతిలో పెట్టుకుని వెళ్ళినా మిగిలిన 78 క్రెడిట్లను ఆ వరుసలో పూర్తిచేయడానికి ఆరు సెమిస్టర్లు పడుతుంది. పైగా డిగ్రీ కోసం కనీసం 60 క్రెడిట్లు అక్కడే చదవాలని ఆస్టిన్ నియమం. అందుకే మిగిలేది ఒక ఏడాదే అన్నాను.

కమ్యూనిటీ కాలేజీలో చేరి, రెండేళ్ళ తర్వాత ఆస్టిన్ కంప్యూటర్ సైన్స్‌లోకి మారదామనే ఆలోచన నాకు నచ్చకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. బదిలీ విద్యార్థులకు ఆ విభాగంలో సీట్లు చాలా తక్కువ, పోటీ తీవ్రం. టెక్సస్ చట్టం ప్రకారం తరగతిలో మొదటి పది శాతంలో ఉన్నవారికి ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం దొరుకుతుంది. ఆస్టిన్‌లో మాత్రం 2026 ప్రవేశాల నుంచి అది మొదటి ఐదు శాతానికే పరిమితం. మీ అమ్మాయికి ఎనిమిది శాతం కాబట్టి ఆస్టిన్‌లో హామీ లేదు, రిచర్డ్‌సన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ డాలస్‌లో ఉంది. ఇలా దొరికే ప్రవేశంలో కోరుకున్న మేజర్ వస్తుందన్న హామీ ఎక్కడా లేదు. ఏమైనా ఇదంతా హైస్కూలు నుంచి నేరుగా వెళ్ళేవారికి ఉన్న అవకాశం. నాలుగేళ్ళ స్కాలర్‌షిప్పుల్లో ఎక్కువ భాగం కూడా వాళ్ళవే. దాన్ని చేతులారా వదులుకోవద్దు.

ఆ అవకాశం పోకుండా కోర్ తగ్గించుకునే దారి డ్యుయల్ క్రెడిట్. హైస్కూల్లో ఉండగానే కాలిన్ కాలేజీ కోర్సు చదివితే రెండుచోట్లా లెక్కకు వస్తుంది. హైస్కూలు పూర్తవకముందు సంపాదించిన క్రెడిట్ల వల్ల మీ అమ్మాయి బదిలీ విద్యార్థి అయిపోదు, కొత్త విద్యార్థిగానే దరఖాస్తు చేస్తుంది. పదకొండు, పన్నెండు తరగతుల్లో, మధ్య వేసవిలో కలిపి ఇంగ్లిష్ 1301, 1302, హిస్టరీ 1301, 1302, గవర్నమెంట్ 2305, 2306 పూర్తిచేస్తే 18 క్రెడిట్లు. ఎకనామిక్స్ 2301, ఒక కళల కోర్సు కలిపితే 24. ఈ అంకెలు టెక్సస్ కాలేజీలు ఉమ్మడిగా వాడుకునేవి. ఆస్టిన్ తన సొంత అంకెలు వాడుతుంది, హిస్టరీ 1301 అక్కడ హెచ్‌ఐఎస్ 315-కె (HIS 315K) అవుతుంది. ఏ కోర్సు దేనికి సమానమో వాళ్ళ వెబ్‌సైటులో వెతికి చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. క్రెడిట్ బదిలీ అయితే డిగ్రీలో ఒక అవసరం తీరినట్టే అనుకోకండి. యూనివర్సిటీ ఒక కోర్సును ఒప్పుకుని, ‘ఎలెక్టివ్’ (ఐచ్ఛికం) అని రాసి పక్కన పెట్టవచ్చు. క్రెడిట్ల మొత్తం పెరుగుతుంది, చేయాల్సిన కోర్సు మాత్రం అలాగే ఉంటుంది. కాలేజ్ ఆల్‌జీబ్రా ఇందుకు మంచి ఉదాహరణ. గణితం కోర్‌లో మూడు క్రెడిట్లకు అది సరిపోవచ్చు. కంప్యూటర్ సైన్స్‌కు కాలిక్యులస్ ఎలాగూ కావాలి, ఆ కాలిక్యులస్సే కోర్ గణితాన్ని కూడా తీర్చేస్తుంది. అలాంటప్పుడు ఆల్‌జీబ్రా కోసం పెట్టిన డబ్బు, ఒక వేసవి వృథా. గణితం, సైన్సు మేజర్ అవసరాలను బట్టే ఎంచుకోండి. ప్రభుత్వ పాలనలో కూడా ఇలాంటి చిక్కు ఉంది. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) అని హైస్కూల్లోనే కాలేజీ క్రెడిట్ కోసం రాసే పరీక్షలో అమెరికా ప్రభుత్వం గురించే ఉంటుంది, టెక్సస్ రాజ్యాంగం ఉండదు. చట్టం రెండూ చదవాలంటుంది. ఏపీలో ఐదుకు ఐదు వచ్చినా గవర్నమెంట్ 2306 లాంటిది మిగిలిపోతుందని సీనియర్ ఏడాదిలో తెలుసుకున్న పిల్లలు ఉన్నారు.

అందుకే యూనివర్సిటీ సలహాదారుకు ఈమెయిలు రాసేటప్పుడు ‘ఈ కోర్సు బదిలీ అవుతుందా’ అని అడగవద్దు. ‘కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ప్లాన్‌లో ఇది ఏ అవసరాన్ని తీరుస్తుంది’ అని అమ్మాయి చేతనే అడిగించండి, జవాబు దాచుకోండి.

డ్యుయల్ క్రెడిట్ మార్కులు శాశ్వతంగా కాలేజీ రికార్డులో ఉండిపోతాయి. రేపు మనసు మారి మెడిసిన్ అనుకుంటే, పదహారేళ్ళప్పుడు తెచ్చుకున్న సి గ్రేడు కూడా ఆ దరఖాస్తులో లెక్కకు వస్తుంది. ఒక సెమిస్టర్‌లో రెండు కోర్సులకు మించి ఎక్కించకండి. క్రెడిట్ల కోసం పిల్లను నలిపేయడం నాకు ఇష్టంలేని పని.

42 క్రెడిట్లూ ఒక ప్రభుత్వ కాలేజీలో పూర్తయితే ట్రాన్స్‌క్రిప్టు (కాలేజీ ఇచ్చే మార్కుల పత్రం) మీద కోర్ పూర్తయినట్టు నమోదవుతుంది. టెక్సస్‌లోని మరే ప్రభుత్వ యూనివర్సిటీ అయినా దాన్ని గంపగుత్తగా ఒప్పుకోవాలి, కోర్ పేరుతో ఇంకో కోర్సు అడగకూడదు. సగంలో ఆగితే కోర్సు కోర్సుకూ విడిగా చూస్తారు. ఈ రక్షణ ప్రైవేటు యూనివర్సిటీలకు, బయటి రాష్ట్రాలకు వర్తించదు. ప్రైవేటుదైన రైస్ యూనివర్సిటీకో, కాలిఫోర్నియాకో దరఖాస్తు చేసే ఆలోచన ఉంటే ఇంతవరకూ చెప్పిన లెక్కంతా మళ్ళీ వేసుకోవాలి.

మీవారికి కూడా ఒక మాట. డిగ్రీ పట్టా మీద చివరికి డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ పేరే ఉంటుంది. కమ్యూనిటీ కాలేజీలో చదవడం చిన్నతనం ఏమీ కాదు. మేజర్ ఏదో తేలని పిల్లలకు, 529లో ఏమీ లేని కుటుంబాలకు నేను మొదట సూచించేది అదే. మీ బాబు విషయంలో రేపు అదే సరైన దారి కావచ్చు. మీ అమ్మాయికి వద్దంటున్నది పరువు కోసం కాదు, సీటు కోసం.

నిజానికి ఖర్చులో అన్నిటికన్నా పెద్ద తేడా క్రెడిట్ల వల్ల రాదు, అద్దె వల్ల వస్తుంది. రిచర్డ్‌సన్‌లోని డాలస్ యూనివర్సిటీ క్యాంపస్ మీ ఇంటికి దగ్గర. అక్కడ కంప్యూటర్ సైన్స్ బాగుంటుంది, అమ్మాయి ఇంట్లోనే ఉండి చదివితే వసతి, భోజనాల ఖర్చు ఏడాదికి పది వేలకు పైగా మిగులుతుంది. ఆస్టిన్ మీద మనసుంటే పంపండి, కానీ రెండు లెక్కలూ పక్కపక్కన రాసి అమ్మాయికి చూపించాకే నిర్ణయించుకోండి. ఈ వయసు పిల్లలకు డబ్బు సంగతి చెప్పడం వల్ల నష్టం లేదు.

ఇక 529 సంగతి. కాలేజీలో చేరాక ఆ ఖాతా మొత్తాన్ని ఫీజులకు ఖాళీ చేయవద్దు. దంపతుల ఆదాయం 1,60,000 డాలర్ల లోపు ఉంటే అమెరికన్ ఆపర్చునిటీ పన్ను రాయితీ పూర్తిగా, ఏడాదికి 2,500 వరకూ వస్తుంది. అది రావాలంటే ఫీజు, పుస్తకాల ఖర్చులో 4,000 డాలర్లు 529 నుంచి కాకుండా మీ జీతం నుంచి కట్టాలి. ఒకే ఖర్చుకు రెండు లాభాలూ ఇవ్వరు. ఒక విద్యార్థికి ఈ రాయితీ నాలుగు పన్ను సంవత్సరాలే కాబట్టి మూడున్నరేళ్ళలో ముగిసే చదువుకైనా సరిగ్గా సరిపోతుంది. మీ ఆదాయం హద్దుకు దగ్గరగా ఉంది. జీతం పెరిగితే 401కెలో (ఉద్యోగులు రిటైర్మెంటు కోసం దాచుకునే ఖాతా) కొంచెం ఎక్కువ వేసి, పన్ను లెక్కకు వచ్చే ఆదాయాన్ని 1,60,000 లోపు ఉంచుకోండి.

మిగిలిన ఫీజుకు, వసతికి, భోజనానికి 529 నుంచి తీయండి. ఖర్చు పెట్టిన క్యాలెండర్ సంవత్సరంలోనే డబ్బు తీయాలి, జనవరి ఫీజును డిసెంబరులో కడితే డిసెంబరులోనే తీయాలి. అమ్మాయి ఒక ఏడాది ముందు ముగిస్తే మిగిలిన మొత్తానికి బాబును లబ్ధిదారుగా మార్చండి. తోబుట్టువుకు మారిస్తే పన్ను పడదు.