ఎస్టేట్ సేల్‌లో (ఇంట్లో సామానంతా అమ్మేసే చోట) కొన్న "నిప్పాన్" పింగాణీ పూలకూజా ఎంతకు అమ్ముడుపోతుంది?

"అడుగున నిప్పాన్ అని ఉంది, అంటే వందేళ్ళ నాటిదే కదా, ఎంత చెప్పమంటారు?" అన్నది మీ ప్రశ్న. నిప్పాన్ అంటే జపాన్‌కు జపాన్ వాళ్ళ పేరే. ఒక్క ముద్ర చూసి ధర చెప్పేవాళ్ళ మాట వినకండి.

అమెరికా వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండి తీరాలన్న నిబంధన 1891లో అమల్లోకొచ్చింది. 1921లో కస్టమ్స్ వాళ్ళు "నిప్పాన్ కుదరదు, జపాన్ అని రాయండి" అన్నారు. మీ ముద్ర అసలుదైతే ఆ మధ్యకాలానిది. ఈ లెక్క నకిలీలు చేసేవాళ్ళకూ తెలుసు. నిబంధన కోసం అసలు దేశం పేరున్న కాగితపు లేబుల్ అతికించి దిగుమతి చేస్తారు, అది ఊడిందంటే మిగిలేది దొంగ నిప్పాన్ ముద్రే. జపాన్ పింగాణీ కంపెనీ నోరిటాకే అసలు ముద్రలో ఆకుల దండ మధ్య ఎం అక్షరం ఉంటుంది. పాత నకిలీల్లో దండ తలకిందులై, లోపల ఇసుక గడియారం బొమ్మ కనిపించేది. తర్వాత ముద్రనూ అచ్చుగుద్దినట్టు దించారు కాబట్టి చేతికి తెలిసేదే చూడాలి: నకిలీ బరువుగా, మందంగా ఉంటుంది, బంగారు పూత మరీ తళతళలాడుతుంది.

ఇక దెబ్బల సంగతి. అంచు చుట్టూ గోరు తిప్పండి, చిన్న పెచ్చు లేచినా గోరు ఆగుతుంది. చీకటి గదిలో లోపల టార్చి పెడితే వెంట్రుకంత సన్నని పగులు నల్లగీతలా తేలుతుంది. అతికించిన చోటు యూవీ టార్చి కింద చాలాసార్లు వేరే రంగులో మెరుస్తుంది. ఇవేవీ చూడకుండా "అరుదైనది, పర్ఫెక్ట్" అని రాసేవాళ్ళ వల్లే కొనేవాళ్ళు అందర్నీ అనుమానిస్తున్నారు. పగులుంటే పెన్సిల్‌తో చూపిస్తూ ఫొటో పెట్టండి, కొన్నవాళ్ళు సరుకు తిప్పి పంపరు. అన్నట్టు, సత్సుమా అనే జపాన్ పాత్రలు పింగాణీ కాదు, మట్టివి. వాటి మీది గాజుపూతలో సన్నని గీతల వల సహజం, దాన్ని లోపమని ధర తగ్గించొద్దు.

ధరకు ఈబేలో "అమ్ముడైనవి" మాత్రమే చూడండి. అడుగుతున్న ధర ఎవరి ఆశ వాళ్ళది. అదే ఆకారం, అదే ఎత్తు, అదే ముద్ర ఉన్నవి ఏరి, అన్నిటికన్నా ఎక్కువదీ తక్కువదీ తీసేసి, మధ్యది పట్టుకోండి. అందులోంచి ఫీజు, పోస్టేజీ పోను మిగిలేదే మీది.

కూజా సరే, డిన్నర్ సెట్ల మోజు మాత్రం వదిలెయ్యండి. బంగారు అంచు ప్లేట్లను డిష్‌వాషర్‌లో వెయ్యకూడదు, ఈ రోజుల్లో వాటిని చేత్తో తోమేదెవరు? పన్నెండు మంది సెట్టు గుత్తగా పెడితే లాభం పోస్టేజీకే పోతుంది. విడగొట్టండి. ఉదాహరణకు నోరిటాకే వాళ్ళ అజేలియా అనే పూల డిజైను చూడండి. అమెరికాలోని బఫలో నగరపు లార్కిన్ సబ్బుల కంపెనీ బహుమతులుగా ఇంటింటికీ పంచిన డిజైను అది, మామూలు ప్లేట్లు కుప్పలుగా దొరుకుతాయి. అదే డిజైనులో పిల్లల టీ సెట్టు దొరకడమే గగనం. ఒకే పువ్వు, ఒకే కంపెనీ, ధరలో పొంతనే ఉండదు. మూత ఉన్న గిన్నెలు, గ్రేవీ బోట్లు (పులుసు వడ్డించే గిన్నెలు) కూడా విడిగా అడుగుతారు, ఎవరింట్లోనో అవి పగిలి ఉంటాయి గనక.

కడిగేటప్పుడు సింకులో తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా సబ్బు చాలు. బ్లీచ్ వద్దు. బంగారం మీద టేపు అతికిస్తే పూత దానితోనే లేచి వస్తుంది, ధర చీటీ పాదం దగ్గరే అంటించండి.

ప్యాకింగ్‌కు రెండు పెట్టెలు, మధ్య అన్నివైపులా 5 సెంటీమీటర్ల మెత్త. కూజా లోపల కాగితం కుక్కండి. ప్లేట్లను పడుకోబెట్టకుండా నిలబెట్టండి. టీపాట్ మూతను పాట్ మీదే వదలకుండా విడిగా చుట్టండి.