సదాకో టీవీలోంచి రాదు, అయినా పుస్తకం మూయకండి

ప్రశ్న: సార్, 1998లో వచ్చిన జపాన్ సినిమా ‘రింగు’ అంటే నాకు ప్రాణం. చూసినవాళ్ళు వారంలో చనిపోయే ఒక వీడియో కేసెట్ కథ అది. సబ్‌టైటిల్స్‌తో ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు. మొన్న కోజి సుజుకి రాసిన మూల నవల ఇంగ్లిషులో తెప్పించుకున్నాను. సగం అయ్యింది, ఒక్కచోట కూడా ఉలిక్కిపడలేదు. సినిమాలో నాకెంతో నచ్చిన విలేఖరి రేకో ఇందులో లేనే లేదు, ఆమె స్థానంలో ఎవరో మగ విలేఖరి. ఆ కేసెట్ వెనకున్న దయ్యం సదాకో ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. పూర్తిచేయమంటారా, ఆపేయమంటారా?
– ఎస్., డిగ్రీ విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: పూర్తిచేయండమ్మా. కాకపోతే సదాకో కోసం ఎదురుచూడ్డం మానేసి చదవండి. ఈ పుస్తకంలో ఆమె టీవీలోంచి రాదు. ఆ సీను సినిమా వాళ్ళు కల్పించుకున్నది. దర్శకుడు హిదెయో నకాతా ఆ నటి చేత వెనక్కి అడుగులు వేయించి, తీసిన ఫిల్మును తిరగేసి చూపించాడు. అందుకే ఆ నడక చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. 1991లో వచ్చిన నవలలో చనిపోయేవాళ్ళకు గుండె ఆగిపోతుంది, పోస్టుమార్టంలో అదే రాస్తారు. నవలలోని భయం వేరే చోట ఉంది. నన్నడిగితే అది సినిమా భయం కంటే ఎక్కువ కాలం పట్టుకుంటుంది.

నేను శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర వీడియో కేసెట్ల లైబ్రరీ నడిపినవాణ్ణి. పెళ్ళిళ్ళకీ జాతరలకీ కలర్ టీవీ, వీసీఆర్ అద్దెకిచ్చి, రాత్రంతా వరసగా సినిమాలు వేసేవాళ్ళం. అందుకని ఈ నవలలో కేసెట్ మాట వచ్చిన ప్రతిచోటా నేను రెండోసారి చదువుకున్నాను.

మీరు కూడా టేపు చూసే అధ్యాయానికి ఒకసారి వెనక్కెళ్ళండి. చివర్లో ఏముంది? ఇది చూసినవాళ్ళు వారం తర్వాత సరిగ్గా ఇదే వేళకు చనిపోతారు, చావు తప్పాలంటే ఇలా చెయ్యాలి అని మొదలవుతుంది. ఏం చెయ్యాలో చెప్పేలోపు దోమల కాయిల్ ప్రకటన వచ్చేస్తుంది! అంతకుముందు చూసిన నలుగురు అబ్బాయిలూ అమ్మాయిలూ ఆ ముక్క మీద ప్రకటన రికార్డు చేసేశారు. సినిమాలో ఈ సంగతి లేదు. నవలంతా ఆ చెరిగిపోయిన కాస్త ముక్క కోసం పరుగు.

మీ వయసువాళ్ళకి తెలియదేమో, కేసెట్ వెనక అంచున, ఒక మూల చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉండేది. దాన్ని విరగ్గొట్టేస్తే ఇక ఆ కేసెట్ మీద రికార్డింగ్ అవదు. ఆ కంత మీద టేపు అంటిస్తే మళ్ళీ అవుతుంది. మా షాపులో కొత్త కేసెట్ రాగానే స్క్రూడ్రైవర్‌తో మొదట ఆ బిళ్ళే తీసేసేవాళ్ళం. లేకపోతే పట్టుకెళ్ళినవాళ్ళు పాటల మీద క్రికెట్ మ్యాచ్ ఎక్కించి తెచ్చిచ్చేవారు. వాళ్ళకది సరదా, నష్టం ఆ తర్వాత పట్టుకెళ్ళినవాళ్ళది. నవలలో ఆ నలుగురూ చేసింది అచ్చం అదే. వాళ్ళు నమ్మలేదు, చెరిపేశారు, పోయారు. వెనక వచ్చిన మగ విలేఖరి అసకావా నెత్తిన పడింది. అతని ఇంట్లో ఇంకా ఎవరెవరు చూశారో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, లేకపోతే త్వరలో తెలుస్తుంది. అక్కణ్ణుంచి టెన్షన్ అంతా ఆ ఇంటి గురించే.

సినిమా చూశారు కాబట్టి విరుగుడు ఏమిటో మీకు తెలుసు: కాపీ తీసి ఇంకొకరికి చూపించాలి. మన ఊళ్ళలో ఒకప్పుడు సంతోషిమాత పేరున, వెంకటేశ్వరస్వామి పేరున వచ్చిన పోస్టుకార్డుల సంగతి మీ అమ్మగారిని అడగండి. ఇన్ని కార్డులు రాసి పంపితే శుభం, చింపితే కీడు అని ఉండేది. నమ్మనివాళ్ళు కూడా కూర్చుని రాసేవారు. పిల్లలకు ఏమైనా అవుతుందేమోనని ఆ భయం. సుజుకి పట్టుకున్నది ఆ బుద్ధినే. తన బిడ్డ బతకాలంటే ఇంకొకరి మీదకు తొయ్యాలి, ఆ ఇంకొకరు ఎవరు? ఆఖరి పేజీల్లో అసకావా కారు నడుపుతూ ఆలోచించేది చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

రెండో సగంలో మశూచి కూడా వస్తుంది. ఎలా వస్తుందో చెప్పను. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇక లేదని ప్రకటించిన జబ్బు అది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ చేతిమీద టీకా మచ్చ ఒకసారి చూసి ఆ అధ్యాయం చదవండి. దయ్యం కథ అనుకున్నది అంటురోగం కథ అయిపోతుంది. ఆ మలుపు సినిమా వదిలేసుకోవడం నాకు ఇప్పటికీ బాధే.

ఇక రేకో గురించి మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. విలేఖరిని తల్లిని చేసి, నవలలో అసకావా స్నేహితుడైన ర్యూజీని ఆమె మాజీ భర్తను చేయడం సినిమా చేసిన గొప్ప మేలు. నవలలో ఆడవాళ్ళకు దక్కిన చోటు తక్కువ. ర్యూజీ ఆడవాళ్ళ గురించి మాట్లాడే మాటలు కొన్ని అసహ్యంగా ఉంటాయి. సదాకోకు జరిగిన దారుణం చెప్పే భాగం కూడా కష్టంగా ఉంటుంది, రాత్రిపూట ఒంటరిగా చదవకండి. అవసరమైతే ఆ పేజీలు దాటేయండి, కథ తెగిపోదు.

ప్రశ్న: ‘రింగ్’ తర్వాతి నవల ‘స్పైరల్’, సినిమా ‘రింగు 2’ ఒకే కథేనా?
– కె., టెక్కలి

జవాబు: కాదండి. ‘స్పైరల్’ 1995 నవల. పోస్టుమార్టం చేసే డాక్టర్ ఆండో అందులో ముఖ్యపాత్ర, సగం వైద్యం, సగం సంకేత లిపి. దాన్ని కూడా సినిమా తీసి 1998లో ‘రింగు’తో పాటే విడుదల చేశారు, అది ఆడలేదు. దాంతో 1999లో నకాతా వేరే కథతో ‘రింగు 2’ తీశాడు. మొదటి నవలలో జబ్బు భాగం మీకు నచ్చితే ‘స్పైరల్’ తప్పక చదవండి. మూడోది ‘లూప్’. అందులో భయం తక్కువ, సైన్స్ ఎక్కువ, వెంటనే మొదలుపెట్టకండి.